కుప్పింటాకు సీసా

“కనరు వాసన వస్తోందా?” అని అడిగారు మావారు, సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టి.

పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ఇంగువ పోపు ఘాటులో సీసాలో వాసన ఏం తెలుస్తుంది! మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, పెరట్లోకి వెళ్ళి నాలుగుసార్లు గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ చూశాను. “ఇంకా రాలేదండి. రేపటికి వస్తుందేమో” అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి రికార్డులో రాసుకున్నారు. పులుసు దింపాక వెళ్ళి చూశాను. ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎనిమిదో రోజున వాసనలో మార్పేమీ గమనించలేదని రాసి ఉంది. ఎవరు గమనించలేదు? ముక్కు నాది కదా! ఆయనకి చిన్నప్పటి నుంచీ పడిశం. మల్లెపూలకీ మాడిన అన్నానికీ తేడా తెలియదని వాళ్ళమ్మగారే నవ్వుతుంటారు.

ఇది ఎనభై ఒకటిలో మాట. మావారు జోగేశ్వరరావు గారు రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆ ఏడు పీహెచ్‌డీకి రిజిస్టరు చేయించుకున్నారు. నూనె నిలవుంటే గాలి తగిలి పాడవుతుంది, కనరెక్కుతుంది. కాలవ గట్ల మీదా గోదావరి లంకల్లోనూ ఎవరూ పట్టించుకోకుండా పెరిగే మొక్కల్లో ఆ పాడవడాన్ని ఆపే గుణం దేనికైనా ఉందా అన్నది ఆయన పరిశోధన. దాన్ని యాంటీ ఆక్సిడెంట్ గుణం అంటారు. యూనివర్సిటీలో ఆయన గైడు ప్రొఫెసర్ జగన్నాథరావు గారు ముప్ఫయ్యొక్క మొక్కల జాబితా ఇచ్చారు. ఉత్తరేణి, తుమ్మి, గలిజేరు, నేల ఉసిరి, వావిలి, కుప్పింటాకు, ఇలాంటివన్నీ. నూనెకి మాకు కొదవ లేదు. మా బావగారిది మెయిన్ రోడ్డులో నూనెల కొట్టు.

నాది పాలకొల్లు. బీయెస్సీ ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను. ఎమ్మెస్సీ సీటు కోసం అప్లికేషను నింపి పెట్టుకున్న వారంలో పెళ్ళిచూపులయ్యాయి. ఏం చదివావమ్మా అని అడిగితే కెమిస్ట్రీ అన్నాను. “బాగుంది, మావాడికి చేదోడుగా ఉంటుంది” అన్నారు మామగారు. ఎంత ముచ్చటగా అన్నారంటే, ఆ మాటకి నేను కూడా మురిసిపోయాను. చేదోడంటే రెండు చేతులు కలిసి పనిచెయ్యడమనుకున్నాను. ఒకరి చేతులు పనిచేస్తే ఇంకొకరి చేతులు దస్తూరీ దిద్దుకోవడమని తర్వాత తెలిసింది.

కాలేజీ లాబు సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. ఆదివారాలూ పండగలూ తాళం. నూనెకి మాత్రం సెలవుల్లేవు కదా. అందుకని మావారు వడ్రంగి చేత ఒక చెక్కపెట్టె చేయించి, లోపల రెండు బల్బులు బిగించి, మా పెరటి గదిలో పెట్టించారు. ఆ వేడిలో నూనె త్వరగా పాడవుతుంది, ఫలితం త్వరగా తెలుస్తుంది. పెట్టెలో వేడి అరవై డిగ్రీల దగ్గర నిలబడాలి. పెరిగితే ఒక బల్బు ఆర్పాలి, తగ్గితే వెలిగించాలి, కరెంటు పోతే ఎంతసేపు పోయిందో రాసుకోవాలి. గంట గంటకీ వెళ్ళి థర్మామీటరు చూడాలి. ఎవరు చూడాలన్న ప్రశ్న మా ఇంట్లో రాలేదు. అన్నం ఎవరు వార్చాలన్న ప్రశ్న వచ్చిందా?

మా చెల్లెలి సీమంతానికి పాలకొల్లు వెళ్తానంటే, “మరి పెట్టె?” అన్నారు మావారు. కోపంగా కూడా అనలేదు. చంటిపిల్లని వదిలేసి ఎక్కడికి వెళ్తావే అని తల్లిని అడిగినట్టు, ఆశ్చర్యంగా అన్నారు. మాకు అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఆ పెట్టె పక్కన కూర్చుని ఆ రోజు కాసేపు ఏడ్చాను. తర్వాత లేచి ఒక బల్బు ఆర్పాను, వేడి అప్పటికే అరవై రెండుకి పోయింది.

ఆ కాపలా ఒక్కటే అయితే ఎవరికీ చెప్పకపోదును. ఆకుకూరలమ్మే అచ్చాయమ్మ ధవళేశ్వరం గట్టు మీద నుంచి మొక్కలు తెచ్చేది. అవి కడిగి, డాబా మీద నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, స్పిరిటులో నానబెట్టి, వడగట్టి, ఆ రసాన్ని సన్నసెగ మీద ఇంకబెట్టేదాన్ని. చివరికి గరిటెడు జిగురు మిగులుతుంది. దాన్ని తూచి నూనెలో కలిపి పెట్టెలో పెట్టాలి. రెండురోజులకోసారి ప్రతి సీసాలోంచీ కాస్త నూనె తీసి పరీక్ష చెయ్యాలి. క్లోరోఫారం, ఆసిడ్ పోసి, అయొడైడ్ వేసి, చివర్లో గంజి చుక్క కలిపితే నీలం రంగొస్తుంది. పైన బ్యూరెట్‌లోంచి, అంటే గీతలున్న గాజుగొట్టంలోంచి, హైపో ద్రావణం చుక్క చుక్కగా వదిలితే ఆ నీలం విరిగిపోతుంది. నూనె ఎంత పాడైతే అంత ఎక్కువ చుక్కలు పడతాయి. ఆ ఆఖరి చుక్క పడేటప్పుడు ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఇంత నీలం ఒక్క చుక్కతో నీళ్ళలా తేలిపోతుంది. ఎన్ని వందలసార్లు చూశానో! ప్రతిసారీ ఎవరినైనా పిలిచి చూపించాలనిపించేది. ఇంట్లో ఆరుగురం. పిలవడానికి ఒక్క పేరు నోట్లోకి వచ్చేది కాదు.

“ఏటండమ్మగారూ, పిచ్చి మొక్కలకి ఇంత మర్యాదేటండి?” అని నవ్వేది అచ్చాయమ్మ. “ఏది పనికొస్తుందో తెలుసుకోవాలి కదా అచ్చాయమ్మా” అంటే, “ఆయ్, తెలుసుకోండమ్మా” అని గంప ఎత్తుకునేది. రోజు మొత్తంలో నా పని గురించి నన్నడిగిన మనిషి తనొక్కర్తే.

ఆ పెరటి గది గురించి చెప్పాలి. మా అత్తగారు బుజ్జమ్మ గారికి ఆచారం ఎక్కువ. నెలనెలా బయట చేరినప్పుడు ఆ మూడు రోజులూ నేను ఉండవలసిన గది అదే. చాప, చెంబు, కంచం, ఒక దుప్పటి. “మళ్ళీనా?” అనేవారు అత్తగారు, నేను పెరట్లోకి వెళ్ళగానే. ఒక్క మాటే. ఆరేళ్ళలో డెబ్భై సార్లు విన్నాను ఆ మాట. నా ఒంట్లో ఏదో నేను కావాలని చేస్తున్నట్టు ఉండేది ఆ అడగడం. అన్నం దూరంగా గుమ్మంలో పెట్టి, నా నీడ పడకుండా వెనక్కి వెళ్ళేవారు. మొదటి ఏడాదంతా ఆ మూడు రోజులూ గోడకేసి తిరిగి పడుకునేదాన్ని.

పెట్టె వచ్చాక సంగతి మారింది. పులుసు లేదు, పోపు లేదు, “అమ్మాయ్, కాఫీ” లేదు. గుమ్మం దాటి ఎవరూ లోపలికి రారు, ఏదీ ముట్టుకోరు. స్పిరిటు కంపు కొట్టే ఆ సీసాలు కూడా మైలలోనే జమ కాబట్టి వాటితో నేనేం చేసినా ఎవరికీ పట్టదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరీక్షలే. నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసేదాన్ని. అంటరానిదాన్నయినందుకు సంతోషపడే స్థితికి వచ్చానే అని అప్పుడప్పుడు నా మీద నాకే రోత పుట్టేది. అయినా ఎదురుచూసేదాన్ని.

ఆ రోజుల్లో నా చేత్తో రాసిన కాగితం ఇంట్లోకి రాకూడదు. అందుకని మావారు సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని రికార్డు ఒళ్ళో పెట్టుకునేవారు. నేను లోపలినుంచి లెక్కలు చదివేదాన్ని. “ఆరో నంబరు సీసా, నాలుగున్నర. ఏడో నంబరు, పదకొండు.” మిగతా రోజుల్లో చిన్న చీటీల మీద రాసిస్తే, నీటుగా ఉండాలని వాటిని తన దస్తూరీలో ఎక్కించుకుని చీటీలు చింపేసేవారు. అలా మూడేళ్ళ రికార్డులో నా అక్షరం ఒక్కటి లేదు. ఎవరైనా తెరిచి చూస్తే, ఆ సీసాల దగ్గర నేనొకదాన్ని కూర్చున్నానని తెలిసే దారే లేదు.

నాలుగో రోజు తలంటుకున్నాక శుద్ధి. అత్తగారు పెద్ద చెంబుతో పసుపునీళ్ళు కలిపి చాప మీదా, దుప్పటి మీదా, గోడల మీదా, నా మీదా, గదిలో ఏదుంటే దాని మీదా దోసిళ్ళతో చల్లితే గాని లోపలికి రానిచ్చేవారు కాదు.

రెండో ఏడు వానాకాలంలో కుప్పింటాకు వంతు వచ్చింది. మామూలు సీసాలో నూనె తొమ్మిదో రోజుకల్లా కనరెక్కిపోతుంది. కొన్ని ఆకుల రసం కలిపితే పన్నెండో రోజు, పదిహేనో రోజు దాకా ఆగుతుంది. కుప్పింటాకు సీసా ఇరవయ్యారో రోజు దాకా ఆగింది! నా కళ్ళని నేను నమ్మలేదు. అదే సీసాలోంచి ఇంకాస్త నూనె తీసి మళ్ళీ పరీక్ష చేశాను. హైపో నాలుగు చుక్కలకే నీలం విరిగింది. మూత తీసి వాసన చూస్తే పచ్చి వేరుశెనగ గింజల వాసన. పరుగెత్తుకుని వెళ్ళి మావారికి చెప్పాను. ఆయన నా భుజం పట్టుకుని ఊపేశారు. పెళ్ళయ్యాక పట్టపగలు, వాళ్ళమ్మగారి ఎదుట ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదలు. “సాధించాను కన్యకా!” అన్నారు.

సాధించాను అన్నారు. ఆ సంతోషంలో ఆ మాట నా చెవిన పడలేదు. రాత్రి గిన్నెలు తోముతుంటే పడింది.

కుప్పింటాకు సంగతి హైదరాబాదులో ఏదో సదస్సులో చదివి వచ్చారు. పేపర్లో చిన్న వార్త కూడా పడింది. థీసిస్ టైపు చేయించడం మొదలుపెట్టారు. కృతజ్ఞతల పేజీ తెచ్చి నాకు చూపించారు. గైడుకి, ప్రిన్సిపాలుకి, స్పిరిటు డబ్బాలు మోసిన అటెండరు గంగయ్యకి పేరు పేరునా కృతజ్ఞతలు. చివరి లైనులో ‘నా శ్రీమతి సహనానికి’ అని ఉంది.

“ఏవండీ, నా పేరు వెయ్యకూడదా?” అని అడిగాను. ఎంతో ఆలోచించి, ఆయన మంచి మూడులో ఉన్నప్పుడు చూసి అడిగాను.

“కన్యకాపరమేశ్వరి! అంత పేరు ఆ లైన్లో పడుతుందిటే?” అని నవ్వారు.

“పోనీ, పరీక్షలు చేసినందుకు అని వెయ్యండి. సహనానికి ఎందుకు?”

ఆ నవ్వు ఆగిపోయింది. “పరీక్షలు పెళ్ళాం చేసిందంటే నాకు డిగ్రీ ఇస్తారా? పిచ్చి మాటలు. నువ్వు వేరు నేను వేరా?” అన్నారు.

పప్పు మాడితే నేను వేరు. పిల్లలు పుట్టకపోతే నేను వేరు. ఇరవయ్యారో రోజు దాకా నూనె ఆగితే మాత్రం ఇద్దరం ఒకటే. ఇదంతా నోటిదాకా వచ్చి ఆగింది. ఆ పూటకి చారు మాత్రమే పెట్టాను, అంతకన్న ఏమీ చెయ్యలేదు.

థీసిస్ పంపేముందు జగన్నాథరావు గారు ఒక మెలిక పెట్టారు. కుప్పింటాకు కొత్తగా తెప్పించి, మళ్ళీ మొదట్నుంచీ చేసి లెక్కలు పంపమన్నారు. అచ్చాయమ్మ తెచ్చింది, డాబా మీద ఆరబెట్టాను, చేశాను. పదో రోజుకి కనరు! హైపో జలజలా దిగిపోతోంది గాని నీలం పోదు. మళ్ళీ చేశాను. పదకొండో రోజు. ముదురాకు తెప్పించి చేశాను, లేతాకు తెప్పించి చేశాను. లంకలోది, గట్టు మీదది విడివిడిగా చేశాను. ఏం చేసినా అంతే. మావారు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే “ఏమైంది?” అని అడిగేవారు. నా మొహం చూసి తెలుసుకునేవారు. “నువ్వేదో పాడుచేస్తున్నావు. నీకు శ్రద్ధ తగ్గింది” అన్నారు ఒకరోజు. శ్రద్ధ! ఆ నెల్లో నా చేతివేళ్ళు ఆసిడుకి పొలుసులు లేచి, అన్నం కలుపుకుంటే మండేవి. అత్తగారు గుమ్మంలోంచి, “మనసు వంటింటి మీద లేదు, అక్కడా లేదు. ఎక్కడుందో మరి” అన్నారు.

ఆ రోజులంత ఒంటరి రోజులు నా జన్మలో లేవు. తప్పు నాదేనేమోనని నాకే అనుమానం పట్టుకుంది. అడగడానికి ఎవరున్నారు? నేను చదివిన కాలేజీలో మేడమ్ ఒకావిడ ఉండేవారు, ఆవిడకి ఉత్తరం రాద్దామని కూర్చుని, ఏమని రాయాలో తెలియక ఊరుకున్నాను. అమ్మకి రాస్తే, “అల్లుడుగారికి కోపం తెప్పించకమ్మా” అని రాస్తుంది. సీసాలు ముందేసుకుని కూర్చుని వాటితోనే గొడవపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాత సీసాలు కడుగుతున్నాను. ఎప్పుడూ సబ్బు పొడితో కడుగుతాను, ఆ రోజు నిండుకుంది. బట్టలకి వాడే చాకలి సోడా నీళ్ళలో కలిపి ఒక్కొక్క సీసాలో పోస్తున్నాను. పోయినేటి కుప్పింటాకు రసం ఇంకబెట్టిన సీసా అడుగున పచ్చగా, చారికలా కాస్త జిగురు మిగిలిపోయి ఉంది. అందులో సోడా నీళ్ళు పోశాను. ఎర్రగా అయింది.

చూస్తుండగానే సీసా అంతా ఎర్రగా, పారాణి రంగుకి తిరిగింది. కొత్త కుప్పింటాకు సీసాలో పోశాను. ఆకుపచ్చగానే ఉంది. పారాణి కలపడం తెలియని ఆడపిల్ల ఎవరైనా ఉంటుందా? పసుపులో సున్నం పడినా, సోడా పడినా ఎరుపు. సీసాలో పసుపుంది!

ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పోయినేడు అచ్చాయమ్మ కుప్పింటాకు తెచ్చిన రోజునే నేను బయట చేరాను. డాబా మీద వాన. గదిలోనే చాప మీద పరిచి ఆరబెట్టాను. నాలుగో రోజు అత్తగారు వచ్చి, “నువ్వు ముట్టుకున్న ఆకు అలాగే తెచ్చి నా రోట్లో పోస్తావా?” అని చెంబెడు పసుపునీళ్ళూ ఆ ఆకు మీదే పోశారు. ఇంకో రోజు ఆరబెట్టి దంచాను. బీయెస్సీ ఫస్టు క్లాసు వచ్చినదాన్ని, గ్రాముకి పదోవంతు తేడా రానివ్వనిదాన్ని, ఆ చెంబుని లెక్కలోకి తీసుకోలేదు. పుట్టినప్పట్నుంచీ గడపకీ, పాదాలకీ, పుస్తెలకీ రాసుకుంటున్న పసుపు నాకు ఒక పదార్థంలా ఎప్పుడూ కనిపించలేదు. అది చల్లితే శుద్ధి అవుతుందని తెలుసు. చల్లితే ఆకులో ఇంకొకటి కలుస్తుందని తట్టలేదు.

మావారికీ తట్టలేదు. తట్టే అవకాశమూ లేదు, ఆయన ఏనాడూ ఒక్క సీసా కడగలేదు.

ఆ సాయంత్రం ఆయనకి చెప్పలేదు. నిర్ధారణ కావాలి. నాలుగు సీసాలు పెట్టాను. ఒకటి ఉత్త నూనె. ఒకటి కుప్పింటాకుది. ఒకటి వట్టి పసుపుది. ఒకటి కుప్పింటాకు మీద నేనే పసుపునీళ్ళు చల్లి తీసినది. మూడేళ్ళలో ఎవరూ చెప్పకుండా, నాకు నేను వేసుకున్న ప్రశ్న అదొక్కటే. రెండురోజులకోసారి పరీక్ష చేసి, చీటీల మీద కాకుండా, బావగారి కొట్టు నుంచి తెచ్చిన కొత్త నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఉత్త నూనె తొమ్మిదో రోజు. కుప్పింటాకు పదో రోజు. పసుపు ఇరవయ్యెనిమిది. పసుపూ కుప్పింటాకూ కలిసినది ఇరవయ్యారు. లెక్కలు తేలిన రోజు పెరటి తలుపు దగ్గరకి అచ్చాయమ్మ వస్తే ఆపి, ఉన్నదంతా చెప్పేశాను. అది నోటి మీద చెయ్యేసుకుని, “పసుపేస్తే పాడవదని మాయత్త సెప్పీదండి. దానికి ఇన్నేళ్ళు పట్టిందేటండమ్మగారూ!” అంది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నేనలా నవ్వడం నాకు గుర్తులేదు. అది వెళ్ళిపోయాక పెరడంతా మళ్ళీ బోసిపోయింది.

మావారికి నోటు పుస్తకం చూపించాను. రెండుసార్లు చదివారు. మొహం పాలిపోయింది. పుస్తకం మూసి, “అయితే కొత్త ఆకు మీద కూడా పసుపు చల్లి పంపిద్దాం. ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

“సోడా వేస్తే తెలుస్తుందండి. గిన్నెలు కడిగే ఏ ఆడదానికైనా తెలుస్తుంది.”

“ప్రొఫెసర్లు గిన్నెలు కడగరు” అన్నారు ఆయన. ఎగతాళికి కాదు, ధైర్యం తెచ్చుకుంటూ అన్నారు.

అంతవరకూ రాలేదు. జగన్నాథరావు గారు ఈలోగా తన దగ్గరున్న వేరే విద్యార్థి చేత కుప్పింటాకు చేయించారట. పదో రోజుకే నూనె చెడింది. ఉత్తరం వచ్చింది. ఇరవయ్యారు రోజుల లెక్క ఎలా వచ్చిందో, ఆ పరీక్ష ఎవరు చేశారో, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమన్నారు. దొంగ లెక్కలని తేలితే రిజిస్ట్రేషను రద్దవుతుందని కూడా రాశారు.

మావారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు కాలేజీకి సెలవు పెట్టి, టైపు ఇన్‌స్టిట్యూటులో ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. వస్తూ మూర మల్లెపూలు కూడా తెచ్చారు. కాగితం నా పేరు మీద ఉంది. కుప్పింటాకు పరీక్ష నా భర్త ఊళ్ళో లేనప్పుడు ఉత్సాహం కొద్దీ నేను చేశాననీ, అజాగ్రత్త వల్ల అందులో వంటింటి పసుపు పడిందనీ, ఈ సంగతి భర్తకి తెలియదనీ అందులో ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు.

“పూర్తి పేరు వేశాను చూడు” అన్నారు.

చూశాను. మూడేళ్ళలో నా పేరు కాగితం మీద పడటం అదే మొదటిసారి. పని చేసినందుకు పడని పేరు, పాడుచేసినందుకు పడింది.

“అజాగ్రత్త ఏంటండీ? పసుపు అత్తయ్యగారు చల్లారు కదా, నేను బయట ఉన్నప్పుడు.”

“ఆ సంగతులు ప్రొఫెసరు గారికి రాస్తామా? పరువు పోదూ!” అన్నారు. అత్తగారు వచ్చి గుమ్మానికి ఆనుకున్నారు. “పసుపు చల్లితే పాడవడమేంటి, ఎక్కడైనా ఉందా? సరేలే. ఒక్క సంతకం పెట్టమ్మాయ్. నీకు ఉద్యోగమా, సద్యోగమా, పోయేదేముంది? వాడి బతుకు నిలబడుతుంది” అన్నారు. అంత మెత్తగా ఆవిడ నాతో మాట్లాడటం కూడా అదే మొదలు. నాకు నిజంగానే జాలేసింది ఇద్దర్నీ చూస్తే. మావారు చెడ్డవారు కారు. ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. నన్ను మనిషిగా చూడాలన్న విషయం ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ జాలిలో పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు మళ్ళీ చదివాను, ‘ఉత్సాహం కొద్దీ’ అన్న చోట పెన్ను ఆగిపోయింది. మూడేళ్ళ నా ఊపిరి బిగబట్టడాలన్నీ, పొలుసులు లేచిన నా వేళ్ళన్నీ ఒక సరదాకింద తేలిపోతున్నాయి. ఇక్కడ సంతకం పెడితే, ఆ పని చేసిన మనిషి నేనని నాకు నేను కూడా చెప్పుకోలేను.

“రేపు సాయంత్రం దాకా టైమివ్వండి. నా మాటల్లో నేను రాసిస్తాను. టైపు కాగితం కన్నా చేత్తో రాసినదే నమ్ముతారు” అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది. మల్లెపూలు నా చేతికిచ్చి వెళ్ళారు.

మర్నాడు ఆయన కాలేజీకి వెళ్ళగానే, హాల్లో ఆయన బల్ల ముందు ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఇంగ్లీషు రాసి ఎనిమిదేళ్ళయింది. మొదటి పేజీకి గంట పట్టింది, తర్వాత చెయ్యి సాగింది. ఎక్కడా ఎవరినీ తిట్టలేదు. ఏ మొక్క ఏ నెలలో ఎలా ఆరబెట్టానో, ఏ రోజు ఎంతసేపు కరెంటు పోయిందో, ఏ నూనె ఎన్నో రోజున చెడిందో రాశాను. నెలకి మూడు రోజులు బయట ఉండడం మా ఇంటి ఆచారమని, ఆ తర్వాత పసుపునీళ్ళు చల్లుతారని, కుప్పింటాకు మీద అలా పసుపు పడిందని, అది గమనించకపోవడం నా పొరపాటేనని రాశాను. నాలుగు సీసాల పరీక్ష లెక్కలు కూడా జతచేశాను. కింద సంతకం పెట్టి, ఇంకో ప్రతి రాసుకున్నాను. పన్నెండు గంటలకి పెరటి గదిలోకి వెళ్ళి రెండు బల్బులూ ఆర్పేశాను. “ఎక్కడికమ్మాయ్, ఎండలో?” అని అత్తగారు అడుగుతుంటే, “పోస్టాఫీసుకండి” అని చెప్పి వెళ్ళొచ్చాను.

సాయంత్రం మావారు వచ్చి ఆరు పేజీలూ నిలబడే చదివారు.

“ఇదేంటి? కుప్పింటాకు ఒక్కటే కదా రాయమన్నాను. ముప్ఫయ్యొక్క మొక్కలూ నువ్వే చేశానని రాశావేంటి?”

“చేశాను కదండీ.”

“అది మనింట్లో సంగతి!”

“తప్పు కూడా మనింట్లోదేనండి. దాన్ని బయటికి పంపమన్నారుగా. ఒక్కటి నేను చేసి, మిగతా ముప్ఫై మీరు చేశారంటే ఆయన నమ్ముతారా? ఒక్కసారి బ్యూరెట్ పట్టుకుని చూపించమంటే చూపించగలరా?”

ఆయన కాగితాలు మడిచి, చింపడానికా దాచడానికా తెలియనట్టు అటూ ఇటూ తిప్పారు.

“అది మీకోసం రాసిన ప్రతండి. అసలుది మధ్యాహ్నమే రిజిస్టరు పోస్టులో పంపించాను” అన్నాను.

ఆయన తన రికార్డు దగ్గరకి లాక్కుని పేజీలు తిప్పి, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగారు.

“అయితే ఈ మూడేళ్ళూ నేనేం చేసినట్టు?”

“రాసుకున్నారండి” అన్నాను.